749 రూపాయల జింకో మొక్క: 14 నెలల తర్వాత రివ్యూ

జింకో అంటే చలి ప్రాంతాల్లో పెరిగే, చాలా పాతకాలపు జాతి చెట్టు. నిరుడు మార్చిలో దాని మొక్కని ఆన్‌లైన్‌లో తెప్పించాను. మాది మహబూబ్‌నగర్, డాబా మీద ముప్పై దాకా కుండీలున్నాయి. మొక్క చేతికందిన రోజే ఐదు స్టార్లు ఇచ్చేవాళ్లుంటారు. నేను మాత్రం మన ఎండాకాలం దాటితేనే రాద్దామని ఆగాను.

ప్యాకింగ్‌కి వంక పెట్టలేను. కుండీ కదలకుండా కట్టారు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) తడి కూడా ఆరలేదు. జానెడు మొక్క, ఆరు ఆకులు. "గింత పుల్లకు ఏడొందల యాభయ్యా బిడ్డా! మన పిల్లలమర్రి సూడపో, ఎకరాలకెకరాలు ఉంటది" అన్నది మా అత్తమ్మ.

ఆమెకు ఒక ఆకుని ఎండకు అడ్డంపెట్టి చూపించాను. అచ్చం తాటాకు విసనకర్ర. రావి ఆకుకో మామిడాకుకో ఉన్నట్టు నడిమి ఈనె లేదు. కాడ దగ్గర బయల్దేరిన సన్న ఈనెలు రెండుగా చీలి, మళ్లీ రెండుగా చీలి అంచుదాకా పోతాయి. 17 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో కూడా ఈ జాతి ఆకుల అచ్చులు దొరికాయి. దీని చుట్టాలన్నీ అంతరించి ఇదొక్కటే మిగిలింది. 1945లో హిరోషిమాలో బాంబు పడ్డ చోటికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో కాలిపోయిన జింకోలు కూడా మళ్లీ చిగురించాయి.

అంత మొండిది మా డాబా మీద మే నెలలో పోబోయింది. చలికాలం బాగా చలిపెట్టే చోట్ల పెరిగే చెట్టు ఇది. అమ్మినవాళ్లేమో 'ఫుల్ సన్' అని రాశారు. నమ్మి ఎండలో పెడితే పది రోజుల్లో ఆకుల అంచులు పొగాకు రంగుకొచ్చాయి. షేడ్ నెట్ కిందికి, పొద్దుటెండ మాత్రమే తగిలే మూలకి మార్చాను. వానలు మొదలయ్యాక ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి కుండీ మార్చాను.

అసలు కోపం 'ఆడ మొక్క గ్యారంటీ, మూడేళ్లలో కాపు' అన్నందుకు. జింకోలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గింజతో మొలిచినది కాపుకొచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది, అప్పటిదాకా చూసి పోల్చలేం. అంటు మొక్కైతే తల్లి చెట్టుని బట్టి తెలిసేది. నా మొక్క కాండం మీద అంటు మచ్చే లేదు. పైగా పండి రాలిన ఆడ కాయలు పాడైన వెన్న కంపు కొడతాయి, అందుకే వీధుల్లో నాటేవాళ్లు మగవాటినే ఏరుకుంటారు. గ్యారంటీ ఇచ్చినాయనకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

డిసెంబరులో ఆకులు పసుపెక్కి మూడు రోజుల్లో అన్నీ రాలాయి. టెన్షన్‌తో కస్టమర్ కేర్‌కి ఫొటో పంపితే, "ప్లాంట్ డెడ్ మేడమ్, కొత్తది ఆర్డర్ పెట్టండి" అన్నారు. జింకో ఏటా ఆకు రాలుస్తుందని జింకో అమ్మేవాళ్లకు తెలియదు! గోటితో బెరడు గీరి చూస్తే లోపల పచ్చగానే ఉంది. మట్టి ఆరినప్పుడు కాసిని నీళ్లు పోస్తూ ఉంచాను. మార్చి చివర్లో చిగుర్లొచ్చాయి.

ఇప్పుడు తొమ్మిది ఆకులు, ఏడాదికి రెండు వేళ్లంత ఎత్తు పెరిగింది. నిన్న 43 డిగ్రీలు దాటింది, నెట్ కిందే రెండాకుల అంచులు మాడాయి. నీడ కావాలంటే కానుగ పెట్టుకోండి, పక్క నర్సరీలోనే దొరుకుతుంది.

రెండు స్టార్లు ఇస్తున్నా, రెండూ పెట్టె కట్టినవాళ్లకి. ఫొటోలో వెనకాల గుబురుగా కనిపించేది జింకో కాదు, కరివేపాకు.