సగం ధర గదులు, ఎర్ర జెండాలు: చదువు ముగిశాక థాయ్‌లాండ్ తీరాల్లో పన్నెండు రోజులు

చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే ఐదుగురం కూర్చుని యాత్ర ఖాయం చేసుకున్నాం గానీ, ఏ తీరానికి వెళ్లాలన్నది తేలడానికి మూడు వారాలు పట్టింది. థాయ్‌లాండ్ విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఫుకెట్, క్రాబీ ఉన్న పడమటి తీరమా, కో సముయి, కో ఫంగాన్, కో తావ్ దీవులున్న తూర్పు వైపా అన్నచోటే మాట కుదరలేదు. ఫొటోల్లో చూస్తే పడమటి తీరానిదే పైచేయి. నీటిలోంచి నిట్టనిలువుగా లేచిన ఆ సున్నపురాతి కొండలను చూశాక ఇంకో తీరం కంటికి ఆనదు. పైగా మేము వెళ్లేది జూన్‌లో కాబట్టి, సముద్రానికి ఎదురుగా ఉన్న గదులు కూడా అక్కడ సగం ధరకే కనిపించాయి. ఆ సగం ధర ఎందుకన్న అనుమానం మాలో ఒక్కడికే వచ్చింది. మిగతా నలుగురం వాడి మాట చెవిన పెట్టలేదు.

కారణం చాలా మామూలుది. పడమటి తీరం అండమాన్ సముద్రం వైపు ఉంటుంది కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు దానికి నేరుగా తగులుతాయి. రోజంతా వాన కురవకపోవచ్చు, కానీ కెరటాలు మాత్రం రోజంతా ఉంటాయి. తూర్పున సింధుశాఖలో ఉన్న దీవులకు ఆ గాలి అంత ఉధృతంగా చేరదు. అక్కడ పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అందులోనూ ముఖ్యంగా నవంబరులో. అంటే ఒకే దేశంలో, కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్న రెండు తీరాలకు రెండు వేర్వేరు వానకాలాలు ఉన్నాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మేము మూడు రాత్రుల గది అద్దె, ఒక పగలు ప్రయాణం మిగుల్చుకునేవాళ్లం. చివరికి అందరినీ సమాధానపరచడానికి మూడు రాత్రులు క్రాబీలో, మిగతా రోజులు తూర్పు దీవుల్లో అని రాజీపడ్డాం.

క్రాబీలో మేము దిగిన ఆవ్ నాంగ్ ఊరు వసతికి చాలా సులువైన చోటు. సముద్రం ఒడ్డు నుంచి లోపలికి పది నిమిషాలు నడిస్తే గది అద్దె బాగా తగ్గుతుంది, గదులూ శుభ్రంగానే ఉన్నాయి. అయితే మూడు రోజుల్లో ఒకటిన్నర రోజు ఒడ్డున ఎర్ర జెండాలే ఎగిరాయి. ఎర్ర జెండా ఉన్నప్పుడు నీటిలో దిగకూడదని అందరికీ తెలుసు. కానీ అంత దూరం వెళ్లి ఒడ్డున కూర్చోవడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. ఒక జంట లెక్కచేయకుండా దిగింది, రక్షక సిబ్బంది ఈల ఊదుతూ పరుగెత్తారు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఈదబోయి అలిసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని అక్కడి పలకపై బొమ్మ గీసి ఉంచారు. మేము ఆ బొమ్మను శ్రద్ధగా చూసి, గదికి వెళ్లి చీట్లాట మొదలుపెట్టాం.

క్రాబీకి దగ్గర్లోని రైలే అనే చోటు గురించి మాత్రం కాస్త ఎక్కువగా చెప్పాలి. అది భూభాగానికి అతుక్కునే ఉన్నా, కొండలు అడ్డుగా ఉండడంతో పడవ మీద తప్ప చేరలేము. ఆవ్ నాంగ్ నుంచి లాంగ్‌టెయిల్ పడవలో పావుగంట పడుతుంది. పడవకు సరిపడా మనుషులు వచ్చేదాకా ఆగితే ఛార్జీ తక్కువ, విడిగా మాట్లాడుకుంటే చాలా ఎక్కువ. మేము వెళ్లిన రోజు ఆవ్ నాంగ్ వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉండడంతో, మమ్మల్ని ఆవ్ నామ్ మావ్ రేవు నుంచి తూర్పు రైలేకు పంపారు. దిగేసరికి ఆటు సమయం కావడంతో పడవ ఒడ్డు దాకా రాలేదు. పడవవాడు ఒక కాలితో పడవ అంచును అదిమి పట్టి, మా సంచులను ఒక్కొక్కటిగా తలల మీదికి అందించాడు. తొడల దాకా నీరు, కింద బురద. నా ఎడమ కాలి చెప్పు ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది.

తూర్పు రైలేలో మడచెట్లు, బురదే తప్ప స్నానానికి తగిన ఒడ్డు లేదు, అందుకే అక్కడి గదులు చౌక. కొద్ది నిమిషాలు నడిస్తే పడమటి రైలే, మరో దారిలో ఫ్రా నాంగ్ తీరం వస్తాయి. ఈ చుట్టుపక్కల చూసిన వాటిలో ఫ్రా నాంగ్‌దే నా దృష్టిలో మొదటి స్థానం. అక్కడి గుహలో జాలర్లు సముద్ర ప్రయాణం క్షేమంగా సాగాలని ఒక రాకుమారి ఆత్మకు సమర్పించిన చెక్క లింగాలు గుట్టలుగా ఉన్నాయి. వానకాలంలో రైలేకు ఒక పగలు వెళ్లి రావడం చాలు. అక్కడే బస చేస్తే ప్రతి వస్తువూ పడవలోనే రావాలి కాబట్టి ప్రతిదానికీ అదనంగా చెల్లించక తప్పదు. ఫీ ఫీ దీవుల్లోని మాయా బే చూడాలని ఇద్దరికి ఉండింది గానీ, సముద్రం తీరు చూసి మానుకున్నాం. పర్యాటకుల తాకిడికి దెబ్బతిన్న పగడాలు కోలుకోవడానికని 2018లో మూసి 2022 జనవరిలో తెరిచిన ఆ చోట ఇప్పుడు ఈతకు అనుమతి లేదు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ మూసేస్తారు. పరీక్షలు ఆలస్యంగా ముగిసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

క్రాబీ నుంచి కో ఫంగాన్‌కు బస్సు, ఓడ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది. చొక్కాకు ఒక రంగు చీటీ అంటించి, ఆ రంగును బట్టి మనుషులను ఒక బండి నుంచి మరో బండికి మార్చుతూ పోతారు. పొద్దున బయలుదేరి డాన్‌సక్ రేవులో ఓడ ఎక్కి కో ఫంగాన్‌లోని థోంగ్ సాలా రేవులో దిగేసరికి సాయంత్రమైంది. విమానంలో కో సముయికి వెళ్లవచ్చు గానీ, అక్కడి విమానాశ్రయాన్ని నిర్మించి 1989 నుంచి నడుపుతున్నది బ్యాంకాక్ ఎయిర్‌వేస్ అనే ప్రైవేటు సంస్థ కావడంతో టికెట్ ధరలు విద్యార్థులకు అందేలా లేవు. సూరత్ థానీ దాకా విమానంలోనో రైలులోనో వచ్చి, అక్కడి నుంచి బస్సు, ఓడ పట్టుకునేవారే ఎక్కువ.

కో ఫంగాన్ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది హాద్ రిన్ తీరంలోని పౌర్ణమి వేడుక, అంటే ఫుల్ మూన్ పార్టీ. చదువు ముగిసిన మా ఉత్సవం కూడా అక్కడే అనుకున్నాం. అయితే వేడుక జరిగే రోజుల్లో హాద్ రిన్ వసతుల్లో చాలావాటికి కనీసం మూడు నాలుగు రాత్రులు తీసుకోవాలన్న షరతు ఉంటుంది, అద్దె కూడా పెరుగుతుంది. బౌద్ధ పర్వదినం పౌర్ణమినాడే పడితే వేడుకను మరో రోజుకు మారుస్తారు కూడా, కాబట్టి క్యాలెండరులో చంద్రుణ్ణి మాత్రమే చూసి టికెట్ కొనకూడదు. మేము ఉత్తరాన మే హాద్ దగ్గర బస చేసి, ఆ ఒక్క రాత్రికి అందరితో కలిసి అద్దె బండిలో హాద్ రిన్‌కు వెళ్లి తెల్లవారుజామున తిరిగి వచ్చాం. ఇసుకలో గాజుపెంకులు ఉంటాయని చెప్పడంతో బూట్లు వేసుకున్నాం. ఆ సలహా ఇచ్చినవారికి రుణపడి ఉన్నాం. వేడుక ఎలా ఉందంటే, రెండు గంటలు బాగుంది, తర్వాత నాలుగు గంటలు తిరుగు బండి కోసం చూస్తూ గడిచింది. మే హాద్‌లో మాత్రం ఆటు సమయంలో నీరు తీసి ఇసుక దారి తేలుతుంది, దాని మీద నడిచి ఎదురుగా ఉన్న కో మా అనే చిన్న దీవికి చేరవచ్చు. పైసా ఖర్చు లేని ఆ నడకను మూడు రోజులు చేశాం.

వసతి విషయంలో మాకు ఎదురైన చిక్కు మా లెక్కే. గదులన్నీ ఇద్దరికో ముగ్గురికో అమర్చినవి కాబట్టి, ఐదుగురు అంటే ఎప్పుడూ ఒక మంచానికి అదనంగా చెల్లించాలి. నలుగురో ఆరుగురో అయితే బాగుండేదని మా లెక్కలవాడు రోజూ సణిగేవాడు. ఎవరిని తగ్గించాలో, ఎవరిని చేర్చాలో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

స్కూటరు అద్దెకు ఇచ్చిన ఒకచోట మాకు చేదు అనుభవమే మిగిలింది. పాస్‌పోర్టు తాకట్టు అడిగారు, తొందరలో ఇచ్చేశాం. బండి తిరిగి ఇచ్చినప్పుడు వెనక పలక మీద వేలిగోరంత గీత చూపించి, పలక మొత్తం మార్చాలన్నారు. ఆ గీత ముందే ఉందని చూపడానికి మా దగ్గర ఫొటో లేదు, పాస్‌పోర్టు వాళ్ల సొరుగులో ఉంది. బేరమాడి సగానికి ఒప్పించాం. పాస్‌పోర్టు బదులు నగదు డిపాజిట్ తీసుకునే చోట్లు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా సాధారణంగా వర్తించదు. ఆ దీవి రోడ్ల ఎత్తుపల్లాలు చూశాక మాలో ఇద్దరు మళ్లీ స్కూటరు ఎక్కలేదు, అందరితో కలిసి ఎక్కే సోంగ్‌తావ్ బండ్లతోనే సరిపెట్టుకున్నారు.

ఈ దీవుల తీరాల్లో అక్కడక్కడ కర్రకు కట్టిన వినెగర్ సీసాలు కనిపిస్తాయి. పెట్టె ఆకారపు జెల్లీ చేపలు కుట్టినప్పుడు పోయడానికి వాటిని ఉంచారు. ఆ జెల్లీ చేపల వల్ల మరణాలు కూడా సంభవించాయి కాబట్టి, నీటిలో దిగేముందు ఆ సీసా ఎక్కడుందో చూసుకోవడం అలవాటు చేసుకున్నాం.

మా డబ్బుకు ఎక్కువ ఫలితం దక్కింది కో తావ్‌లో. ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్ల ఆ చిన్న దీవి స్కూబా శిక్షణకు, అంటే వీపున గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం నేర్పే శిక్షణకు, పెట్టింది పేరు. పాఠశాలల మధ్య పోటీ ఉండడంతో, శిక్షణలో చేరినవారికి చాలాచోట్ల పడక ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇస్తారు. గది అద్దె, కాలక్షేపపు ఖర్చు రెండూ ఒకే పద్దులో కలిసిపోవడంతో, ఖరీదుగా కనిపించిన శిక్షణ చివరికి కో ఫంగాన్‌లోని నాలుగు రోజులతో సమానంగా తేలింది. మొదటి స్థాయి శిక్షణ మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల లోతు దాకా దిగవచ్చు. అందులో భాగంగా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి. ఉబ్బసం వంటివి ఉంటే వైద్యుడి సంతకం కావాలి కాబట్టి, అది ఇంటి దగ్గరే తెచ్చుకోవడం మేలు.

ముగ్గురం చేరాం. మాలో ఒకడికి మూడు మీటర్ల దగ్గరే చెవులు పట్టేశాయి. శిక్షకురాలు తొందరపెట్టలేదు. తాడు పట్టుకుని ఒక జానెడు దిగడం, ముక్కు మూసి మెల్లగా ఊదడం, మళ్లీ జానెడు పైకి రావడం, ఇలా ఇరవై నిమిషాలు వాడితోనే గడిపి, మాతో రెండో మనిషిని పంపింది. ఈ యాత్రలో మేము డబ్బిచ్చి పొందిన సేవలన్నిటిలో నాకు గుర్తుండిపోయేది ఆ ఇరవై నిమిషాలే. ఎక్కువమందిని ఒకే శిక్షకుడికి అప్పగించే చోట ఇది జరగదు, కాబట్టి చేరేముందు ధర కన్నా ముందు అడగవలసింది ఒక్కొక్కరి కింద ఎందరుంటారన్నదే.

ఎదురుగా ఉన్న నాంగ్ యువాన్ మూడు చిన్న దీవులు ఇసుక గట్లతో కలిసిన చోటు. ప్రవేశ రుసుము ఉంది, ప్లాస్టిక్ సీసాలు తేనివ్వరు. సముయి నుంచి పగటి పడవలు చేరకముందే పొద్దున్నే వెళ్లి కొండ ఎక్కినవారికి అది వేరే చోటులా కనిపిస్తుంది. ఇక సముయిలో మాకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఏమీ కనిపించలేదు. ఛావెంగ్ తీరం పొడవుగా, అందంగా ఉంది, కానీ అక్కడి అద్దెకు కో తావ్‌లో రెండు రోజులు ఉండవచ్చు.

తిరుగు ప్రయాణంలో ఒక లెక్క తప్పకూడదు. కొన్ని రోజుల పాటు వరుసగా డైవ్ చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మేము మధ్యాహ్నం ఆఖరి డైవ్ ముగించి, మర్నాడు ఓడలో చుంఫోన్ చేరి, రాత్రి రైలులో పడుకుని పొద్దున్నే బ్యాంకాక్‌లో దిగాం. గడువు దానంతటదే గడిచిపోయింది, ఒక రాత్రి గది అద్దె కూడా మిగిలింది.

ఆ రైలులో పై బెర్తు మీద నుంచి మా లెక్కలవాడు పద్దులు చదివాడు. ఖర్చులో మూడో వంతు ఒకచోటి నుంచి మరో చోటికి మారడానికే పోయింది, అందులో పెద్ద ముక్క క్రాబీది. మొదట్లో సగం ధర ఎందుకని అనుమానించినవాడు కింది బెర్తు నుంచి, "ఒరేయ్, రైలేకి ఫిబ్రవరిలో వెళ్దాంరా, అప్పుడు పూర్తి ధరే పెడదాం" అన్నాడు. ఈసారి నలుగురం వాడి మాట విన్నాం.