బండాయ్ 1/72 ఎక్స్-వింగ్ కిట్: కాక్‌పిట్ కోసమైనా కొనాల్సిందే

ఈ కిట్ గురించి ఎవరిని అడిగినా ముందు రెక్కల గురించే చెప్తారు, ఎలా తెరుచుకుంటాయి ఎలా మూసుకుంటాయి అని. అది బాగుంది, కాదనను. కానీ నాకు ఈ కిట్‌లో ప్రాణం ఉన్న చోటు మాత్రం ముందున్న ఆ చిన్న కాక్‌పిట్టే, అంటే పైలట్ కూర్చునే చోటు. పూర్తయిన మోడల్‌ని షెల్ఫ్ మీద పెట్టాక వచ్చినవాళ్ళందరూ వంగి చూసేది అక్కడే, లోపల మనిషి ఉన్నాడా, ముందు స్క్రీన్లు ఉన్నాయా అని. అందుకే ఈ రివ్యూలో రెక్కలు, ఇంజిన్లు పక్కన పెట్టి మొత్తం కాక్‌పిట్ గురించే రాస్తున్నా, బాక్స్‌లో ఏం ఇచ్చాడు, దాన్ని ఎంతవరకు తీసుకెళ్ళొచ్చు, ఏ పెయింట్ పనిచేసింది, ఏది వద్దు అని.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఇది స్టార్ వార్స్ సినిమాలోని ఎక్స్-వింగ్ ఫైటర్, బండాయ్ వాడిది, స్నాప్ ఫిట్ కిట్, అంటే గమ్ అక్కర్లేదు, నొక్కితే బిగుసుకుంటుంది. 1/72 అంటే అసలు సైజులో 72వ వంతు, 12.5 మీటర్ల ఓడ అనుకుంటే 72తో భాగిస్తే పదిహేడు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, చేతిలో పట్టుకుంటే సరిగ్గా సరిపోయే సైజు. అదే లెక్కన మామూలు ఎత్తున్న మనిషి నిలబడితే రెండున్నర సెంటీమీటర్లు కూడా రాడు, ఇక కూర్చుంటే ఎంతుంటాడో మీరే ఊహించుకోండి. ఆ సైజులో కూడా హెల్మెట్, చెస్ట్ మీద ఉన్న బాక్స్, బెల్టులు అన్నీ విడివిడిగా కనపడేలా అచ్చు పోశాడు చూడండి, అక్కడ బండాయ్‌కి దండం పెట్టాలి. భూతద్దం కింద పెట్టి చూస్తే గానీ ఆ పనితనం తెలీదు.

ఇప్పుడు అసలు విషయం. బాక్స్‌లో కాక్‌పిట్ ప్యానెల్ కోసం స్టిక్కర్ ఇచ్చాడు, నీళ్ళలో నానబెట్టి అతికించే డెకాల్ కూడా ఇచ్చాడు, రెండూ ఉంటాయి. స్టిక్కర్ జోలికి వెళ్ళొద్దు. దాని మందం వల్ల ప్యానెల్ మీద ఎత్తుగా అచ్చు పోసిన గీతలు, బటన్లు అన్నీ కింద పడి చదునైపోతాయి, అంచు కూడా పక్క నుంచి తెల్లగా కనపడుతుంది. డెకాల్ పల్చగా ఉంటుంది, కింద మార్క్ సెట్టర్, పైన మార్క్ సాఫ్టర్ అనే డెకాల్ ద్రవాలు రాస్తే మెత్తబడి ఎత్తుపల్లాల మీద కూర్చుంటుంది. అయినా నా అభిప్రాయం అడిగితే, డెకాల్ మొత్తం ఒకే ముక్కగా వేయొద్దు. స్క్రీన్ల వరకు మాత్రం కొత్త బ్లేడుతో కత్తిరించి వేసుకోండి, చుట్టూ ఉన్న బటన్లు చేత్తో పెయింట్ చేసుకోండి. ఎందుకంటే ప్రింట్ చేసిన బటన్‌కి నీడ పడదు, అచ్చు పోసిన బటన్‌కి పడుతుంది. ఇంత చిన్న స్కేల్‌లో కన్ను నమ్మేది ఆ నీడనే.

ఈ కాక్‌పిట్ విషయంలో నేను గట్టిగా నమ్మేది కూడా అదే. ఇక్కడ రంగు కంటే వెలుగు ముఖ్యం. చాలామంది లోపలంతా నల్ల పెయింట్ కొట్టేసి, మీద డెకాల్ వేసేసి మూసేస్తారు, తర్వాత చూస్తే ఏముంటుంది, నల్లటి గొయ్యి, అందులో ఒక నారింజ రంగు చుక్క. పెద్ద వస్తువు మీద బాగుండే నలుపు చిన్న మోడల్ మీద మరీ చిక్కగా, జీవం లేకుండా కనపడుతుంది, కాబట్టి అసలైన నలుపుని సందులకి, సీటు కింద భాగానికి మాత్రమే ఉంచాలి. నేను ముందు అంతా బ్లాక్ ప్రైమర్ (పెయింట్ పట్టడానికి వేసే మొదటి కోటింగ్) కొట్టి, దాని మీద వల్లెహో కంపెనీ పెయింట్ 70.862 బ్లాక్ గ్రే వేసి, పై నుంచి వెలుగు పడే చోట మాత్రం 70.995 జర్మన్ గ్రే పల్చగా వేశా, అంటే సీటు పైభాగం, హెడ్‌రెస్ట్, ప్యానెల్ పై అంచు, పక్క గోడల పై గట్టు. కాళ్ళు ఉండే చోటు నల్లగానే వదిలేశా, కానపీ (కాక్‌పిట్ పై మూత) పెట్టాక అది ఎలాగూ ఎవరికీ కనపడదు, అక్కడ టైం పెట్టడం దండగ. ఆ తర్వాత బ్రష్‌కి లేత బూడిద రంగు కొంచెం అంటించి, టిష్యూ మీద దాదాపు మొత్తం తుడిచేసి, అంచుల మీద మెల్లగా రాస్తే ఎత్తుగా ఉన్న ప్రతి గీతా పైకి లేచి కనపడుతుంది. డ్రై బ్రషింగ్ అంటారు దీన్ని, పాత పద్ధతే, కొందరు ఇప్పుడు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ ఇంత చిన్న కాక్‌పిట్‌లో దీన్ని మించింది లేదు.

పెయింట్ విషయంలో ఒక మాట, చేత్తో బ్రష్ పట్టి వేసేవాళ్ళు తమియా ఆక్రిలిక్‌తో జాగ్రత్త. ఎయిర్‌బ్రష్‌లో, అంటే గాలితో చిమ్మే గన్‌లో, అద్భుతంగా ఉంటుంది, కానీ బ్రష్‌తో రెండో కోటింగ్ వేస్తుంటే కింద కోటింగ్ కదిలి లేచి వస్తుంది. లోపల పనికి వల్లెహో మోడల్ కలర్ చాలా సుఖం. మన దగ్గర ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చుంటే బ్రష్ మొన మీదే పెయింట్ ఎండిపోతుంది, ప్యానెల్ దాకా చేరదు. దానికి ఒక మూత ఉన్న స్టీల్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పెట్టి దాని మీద పెయింట్ కలుపుకుంటే పని అయ్యేదాకా తడిగానే ఉంటుంది, ఫ్యాన్ కూడా ఆపక్కర్లేదు.

బటన్ల దగ్గరకొస్తే, ఇక్కడే మజా అంతా. టూత్‌పిక్ మొన కొంచెం అరగదీసి దాంతో చుక్క పెట్టండి, బ్రష్ కంటే గుండ్రంగా వస్తుంది. వెలిగే లైట్లలా కనపడాలంటే నేరుగా ఎర్ర పెయింట్ పెట్టొద్దు, ముందు తమియా ఎక్స్-11 క్రోమ్ సిల్వర్ చుక్క, అది పూర్తిగా ఆరాక దాని మీద ఎక్స్-27 క్లియర్ రెడ్ గానీ ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్ గానీ ఒక్క చుక్క. కింద వెండి రంగు నుంచి వెలుగు తిరిగొచ్చి నిజంగా లోపల బల్బు ఉన్నట్టే మెరుస్తుంది, మోడల్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పితే లైట్ మారుతుంటుంది కూడా. కానీ ప్రతి బటన్‌కీ ఒక రంగు వేస్తే పండగ సీరియల్ లైట్లలా తయారవుతుంది, కాబట్టి ఎక్కువ వాటికి తెలుపు, బూడిద రంగే వేసి ఎరుపు, పసుపు కొన్నిటికే పెట్టుకోండి. స్క్రీన్ల మీద మాత్రం చివర్లో గ్లాసీ (మెరిసే) క్లియర్ ఒక్కో చుక్క వేయాలి, తమియా ఎక్స్-22 సరిపోతుంది. చుట్టూ అంతా మ్యాట్‌గా, మెరుపు లేకుండా ఉండి స్క్రీన్ ఒక్కటే మెరిస్తే, దాన్ని చూసిన కన్నుకి గాజు అని వెంటనే తెలిసిపోతుంది.

పైలట్ సంగతి. ఫ్లైట్ సూట్ ఆరెంజ్, మీద తెల్లటి వెస్ట్, నల్ల గ్లవ్స్. ఆరెంజ్‌ని నల్ల ప్రైమర్ మీద వేస్తే ఎన్ని కోటింగులు వేసినా ఎక్కదు, బురదలా ఉంటుంది, కాబట్టి బొమ్మకి మాత్రం తెల్ల ప్రైమర్ విడిగా కొట్టుకోండి. కింద 70.910 ఆరెంజ్ రెడ్, మడతల పైభాగాల్లో 70.911 లైట్ ఆరెంజ్. తెలుపుకి అచ్చమైన తెలుపు కాకుండా 70.918 ఐవరీ వేసి భుజాల మీద మాత్రం తెలుపు ముట్టిస్తే బట్టలా కనపడుతుంది, ప్లాస్టిక్‌లా కాదు. హెల్మెట్ ముందున్న అద్దానికి ఎక్స్-24 క్లియర్ ఎల్లోలో ఆరెంజ్ చాలా కొద్దిగా కలిపి వేశా. హెల్మెట్ మీద ఎర్ర గుర్తులు మాత్రం ఓపిక ఉన్నవాళ్ళకే, ట్రిపుల్ జీరో బ్రష్‌తో, మోచేతులు టేబుల్ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి వేయాలి. ఆ ఒక్క హెల్మెట్ సరిగ్గా కుదిరిందంటే మిగతా మోడల్ మొత్తం ఒక మెట్టు పైకి వెళ్ళిపోతుంది, నిజంగా.

ఇక వాష్, అంటే గీతల్లోకి పారించే పల్చటి ముదురు పెయింట్. తమియా ప్యానెల్ లైన్ యాక్సెంట్ కలర్ నలుపు అందరూ వాడతారు, నేనూ వాడతా, మూతకే బ్రష్ ఉంటుంది, గీతలో ముట్టిస్తే తనే పరిగెత్తుకుంటూ వెళ్తుంది, చూడ్డానికే ఆనందం. కానీ అది ఎనామెల్ రకం. స్నాప్ ఫిట్ భాగాలు బిగుసుకుని ఒత్తిడిలో ఉన్నచోట పెయింట్ లేని ప్లాస్టిక్ మీద అది దూరితే పగుళ్ళొస్తాయి, బండాయ్ కిట్లతో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. అందుకని భాగాలు బిగించకముందే, ఆక్రిలిక్ గ్లాసీ కోటింగ్ వేసి ఆరాకే వాష్ వేయండి, కొంచెమే వేయండి, ఎక్కువైంది ఇయర్ బడ్‌కి ఎనామెల్ థిన్నర్ అంటించి తుడిచేయండి. కింద ఆక్రిలిక్ కాబట్టి అది కదలదు. చివర్లో మ్యాట్ కోటింగ్, స్క్రీన్ల మీద గ్లాసీ చుక్కలు ఆ తర్వాతే పెట్టాలి, ముందు పెడితే మ్యాట్ వాటిని చంపేస్తుంది. వర్షాకాలంలో స్ప్రే డబ్బా మ్యాట్ వాడేవాళ్ళు మబ్బు పట్టిన రోజు వాయిదా వేసుకోండి, గాల్లో తేమకి తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది, లోపల అంత పని చేశాక అది చూస్తే ఏడుపొస్తుంది.

కానపీలు రెండు ఇచ్చాడు, ఇది నాకు చాలా నచ్చింది. ఒకటి అద్దంతో, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది, ఇంకొకటి అద్దాలు లేకుండా ఫ్రేమ్ ఒక్కటే. సినిమాకి షూట్ చేసిన చిన్న మోడల్స్‌లో అద్దం ఉండేది కాదు, కాబట్టి ఫ్రేమ్ పెడితే స్క్రీన్ మీద చూసిన ఓడలా ఉంటుంది, లోపల పని కూడా అడ్డం లేకుండా కనపడుతుంది. అద్దం పెడితే నిజమైన ఓడలా ఉంటుంది. లోపల ఇంత కష్టపడ్డాక నా ఓటు ఫ్రేమ్‌కే. అద్దమే కావాలనుకుంటే మాస్కింగ్ చేశాక (అద్దం మీద పెయింట్ పడకుండా టేప్‌తో కప్పాక) ఫ్రేమ్ గీతల మీద ముందు లోపలి డార్క్ గ్రే కొట్టి, ఆ తర్వాత దాని మీద బయటి రంగు కొట్టండి, అప్పుడు లోపల నుంచి చూసినా ఫ్రేమ్ లోపలి రంగులోనే కనపడుతుంది. అద్దం దగ్గరికి సూపర్ గ్లూ మాత్రం రానివ్వొద్దు, దాని ఆవిరికే అద్దం మసకబారిపోతుంది. ఊడకుండా ఉండాలనుకుంటే తెల్ల ఫెవికాల్ పుల్లతో చుక్క పెడితే చాలు, ఆరాక పారదర్శకం అయిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పక్క గోడల మీద ఇంకాస్త డిటైల్ ఇచ్చి ఉండాల్సింది, ముందు ప్యానెల్‌తో పోలిస్తే వెలితిగా అనిపిస్తాయి, సన్నటి రాగి తీగ, ప్లాస్టిక్ ముక్కలు అతికించుకుంటే బాగుంటుంది. అది మోసం కూడా కాదు, 1977 సినిమాకి ఆ మోడల్స్ చేసినవాళ్ళు కూడా ట్యాంకులు, విమానాల కిట్లలోంచి ముక్కలు తీసి అతికించే చేశారు. లైట్ల ఏర్పాటు ఇందులో లేదు, లైట్లూ శబ్దాలూ కావాలంటే 1/48 మూవింగ్ ఎడిషన్ అని వేరే కిట్ ఉంది, దాని దారి వేరు. 1/72లో లైట్ పెట్టాలంటే వెంట్రుకంత తీగ ఉన్న చిన్న ఎల్ఈడీ సీటు వెనక నుంచి తీసుకురావాలి, చోటు చాలా ఇరుకు, మొదటి మోడల్‌తోనే ఆ సాహసం వద్దు.

కొనేటప్పుడు ఒకటి గమనించండి, ఇదే కిట్ రెవెల్ పెట్టెలో కూడా వస్తుంది, మీద బండాయ్ పేరు ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే రెవెల్ సొంత ఎక్స్-వింగ్ కిట్లు వేరే ఉన్నాయి, వాటి కాక్‌పిట్ ఈ స్థాయిలో ఉండదు. జపాన్ పెట్టె అయితే సూచనలు జపనీస్‌లో ఉంటాయి గానీ బొమ్మలు చాలు, ఎక్కడా ఆగిపోరు. సూచనల్లో చెప్పిన వరుస మాత్రం పాటించొద్దు, వాడు కాక్‌పిట్ బిగించి ముందుకెళ్ళిపొమ్మంటాడు, మీరు పైలట్‌ని, సీటుని, ప్యానెల్‌ని విడివిడిగా పుల్లలకి గుచ్చి మొత్తం పెయింట్ అయ్యాకే ముక్కు భాగం మూయండి. వెనక సాకెట్‌లో కూర్చునే ఆర్2-డీ2 అనే రోబో తలకి కూడా అదే క్రోమ్ సిల్వర్, నీలి ప్యానెళ్ళు అప్పుడే కానిచ్చేయండి, బ్రష్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది.