ఆటలో పాట: నాలుగేళ్ల తర్వాత మిగిలిన 14 ట్రాకులు

మేం ఆడే కథల ఆటకి వెనకాల సంగీతం పెట్టడం మొదలుపెట్టినప్పుడు నా ఫోన్‌లో 300 పైచిలుకు ట్రాకులు ఉండేవి. ‘యుద్ధం 1’ నుంచి ‘యుద్ధం 46’ దాకా వరసగా, డ్రాగన్లకు విడిగా ఒక ఫోల్డరు. ఇప్పుడు 14 మిగిలాయి. మిగతావి తీసేయడానికి నాలుగేళ్లు పట్టింది. చాలావాటిని ఏదో ఒక ఆదివారం అందరి ముందూ పరువు తీశాకే తీసేశాను.

వైజాగ్ లాసన్స్ బే కాలనీలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడమీద వాటాలో ఆడతాం. ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు తలో పాత్రయి ఏం చేస్తారో చెప్తారు, అది నెగ్గిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో మొదలైన ఆట అయినా మేం ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. ఆటగాళ్లు ఐదుగురు, కథ నడిపే డీఎంని, అంటే డన్జన్ మాస్టర్‌ని, నేను. బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికలు, జంతికల ప్లేటు. మిగతాదంతా మాటలే. అందుకే వెనకాల ఏదైనా మోగుతుంటే బాగుంటుందని డీఎం అయిన ప్రతివాడికీ మొదటి వారమే అనిపిస్తుంది.

నేనూ అందరిలాగే పేరున్న ఫాంటసీ సినిమాల, వీడియో గేముల సంగీతంతో మొదలుపెట్టాను. వినడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ రెండు స్వరాలు వినపడగానే ఒకడు ‘ఇది ఆ గుర్రాల సీన్‌లోది కదూ’ అంటాడు, ఇంకొకడు ఆ సీన్ మొత్తం చెప్పేస్తాడు. వారమంతా కూర్చుని రాసుకున్న నా కొండకోట అక్కడితో సరి. పాటలో మాటలుంటే మరీ కష్టం, అది నా మాటకి అడ్డొస్తుంది.

తర్వాత ఉచితంగా దొరికే మూడు గంటల వీడియోలకు దిగాను. కథలో ఒక ముసలి పూజారి చనిపోతున్నాడు. జంతికలు నమలడం కూడా ఆపేసి వింటున్నారు. ఆయన రహస్యం చెప్పడానికి నోరు తెరిచేసరికి స్పీకర్లోంచి బంగారం మీద లోను ప్రకటన! గ్రాముకి ఎంతిస్తారో కూడా చెప్పింది. ఆ రహస్యం ఏంటో మావాళ్లకి ఇప్పుడు గుర్తులేదు. గ్రాము రేటు మాత్రం గుర్తుంది.

ఆ వారమే టేబుల్‌టాప్ ఆడియో అనే సైటు పట్టుకున్నాను. ఇలాంటి ఆటల కోసమే చేసిన ట్రాకులు, ఒక్కోటి పది నిమిషాలు, ఉచితం. మార్కెట్టు, గుహ, ఓడ అడుగుభాగం, వాన పడే అడవి, ఇలా చోటుని బట్టి ఉంటాయి. ఇవాళ నా దగ్గర మిగిలిన 14లో ఎక్కువ భాగం అక్కడివే. సిరిన్‌స్కేప్ అనే యాప్ కూడా కొన్నాళ్లు వాడాను. అది ఒకే పాటలా సాగదు. గాలి, అడుగుల చప్పుడు, దూరంగా తోడేలు, ఇలా విడివిడి ముక్కల్ని ఎప్పటికప్పుడు కలుపుతూ పోతుంది కాబట్టి ఎంతసేపు విన్నా మళ్లీ మొదటికొచ్చినట్టు ఉండదు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ నాకున్నవి రెండే చేతులు. ఒక చేత్తో రాక్షసుడి లెక్కలు, ఇంకో చేత్తో పాచికలు, తోడేలుని నొక్కడానికి మూడో చెయ్యి లేదు. ఆపరేటర్‌లాంటి మనిషి పక్కన ఉంటే దాన్ని మించింది లేదంటాను.

ఇంగ్లీషు సంగీతమే ఎందుకు, మనకి లేదా అని ఓ ఏడాది పట్టుదలకి పోయాను. మంత్రగాడి గోపురానికి ఒక వీణ రికార్డింగు పెట్టాను, మాయామాళవగౌళ. చీకటిగా, పాతగా, సరిగ్గా నేననుకున్నట్టే ఉంది. రెండు నిమిషాలయ్యాక బల్లకి అటువైపు నుంచి సన్నగా ‘స రి గ మ, ప ద ని స’ అని వినపడింది. చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్లిన అమ్మాయి, తనకి తెలియకుండానే తొడ మీద తాళం వేస్తోంది. సంగీతంలో మొదటి పాఠమైన సరళీ స్వరాలు మనవాళ్లు నేర్పేది ఆ రాగంలోనే కదా. గోపురంలో ఉన్న మహా మంత్రగాడు కాస్తా సాయంత్రం ఐదింటికి వచ్చే పాటల మాస్టారు అయిపోయాడు. రాజు పట్టాభిషేకానికి నాదస్వరం పెడితే భోజనాలెప్పుడని అడిగారు, అదింకో కథ.

నవ్వుకోలేనిది ఒకటుంది. గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల శిబిరం వచ్చినప్పుడు, మన్యం గిరిజనుల థింసా నాట్యానికి వాయించే డప్పుల రికార్డింగు ఒకటి పెట్టాను. ఆ దెబ్బలో ఊపుంది కదా, అంతకు మించి ఆలోచించలేదు. మా బల్ల దగ్గర పాడేరు వైపు అమ్మాయి ఒకతి ఉంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెన్సిల్ కింద పెట్టి, ‘అన్నా, ఇది మా ఊళ్లో పెళ్లిళ్లకి వాయిస్తారు’ అంది. కోపంగా అనలేదు. నేను ఆపేశాను, తర్వాత సారీ చెప్పాను. ఆ రోజు నుంచి ఏ ట్రాక్ పెట్టాలన్నా ముందు అడిగేది ఒకటే, ఇది ఈ గదిలో ఎవరికైనా ముందే తెలుసా? తెలిస్తే పక్కన పెట్టేస్తాను. మనది అనదగ్గవాటిలో నా దగ్గర మిగిలింది తంబూర శ్రుతి. మొదలూ తుదీ తెలియదు, అరగంట మోగినా ఎవరూ పట్టించుకోరు, ఆపిన క్షణంలో మాత్రం అందరూ తలెత్తుతారు. పాడుబడ్డ సమాధులకి అంతకంటే బాగా పనిచేసింది దొరకలేదు.

సముద్రం విషయంలో వైజాగ్‌వాళ్లని మోసం చెయ్యలేం. రేవు పట్నం అని నేను పెట్టిన ట్రాక్ నిండా సీగల్స్ అరుపులే. ‘ఏటి గురూ ఇది, ఏ ఊరి రేవు?’ అన్నాడు గాజువాక కుర్రాడు. మన ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే వినపడేది కాకులు, బోటు ఇంజన్లు, వేలంపాట అరుపులు. సరే మనమే రికార్డు చేద్దామని ఫోన్‌కి చేతిరుమాలు చుట్టి ఆర్కే బీచ్‌కి వెళ్లాను. ఇరవై నిమిషాల్లో పనికొచ్చింది నలభై సెకన్లు. మిగతాది గాలి, హారన్లు, ఎవరి షుగర్ ఎంతుందో మాట్లాడుకునే వాకర్లు. చివరికి భీమిలిలో గోస్తనీ నది కలిసే దగ్గర తెల్లవారుజామున పదకొండు నిమిషాలు దొరికింది. ఆ 14లో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

యుద్ధానికి సంగీతం జోరుగా ఉండాలనేది నాకు చాలా ఆలస్యంగా వదిలిన భ్రమ. ఈ ఆటలో ఒక రౌండు అంటే కథలో ఆరు సెకన్లు. ఐదుగురు ఆలోచించి, పాచిక వేసి, కూడికలు చేసేసరికి బయట ఇరవై నిమిషాలు. అలా నాలుగైదు రౌండ్లు, అంటే ఒక్క కత్తియుద్ధం గంటన్నర. గంటన్నర సేపు డ్రమ్ములు, బాకాలు వింటే తలనొప్పి తప్ప టెన్షన్ మిగలదు. ఇప్పుడు ఎవరి వంతు ముందో తేల్చే ఇనీషియేటివ్ పాచికలు పడేటప్పుడు మాత్రమే డ్రమ్ములు. మొదటి రౌండు అయ్యేలోగా మెల్లగా తగ్గించేస్తాను. ఆ తర్వాత గాలి చప్పుడు, లేదంటే ఏమీ లేదు.

సామాను గురించి రెండు ముక్కలు. ఖరీదైన స్పీకర్ అక్కర్లేదు. మే నెలలో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే బేస్ మొత్తం అది మింగేస్తుంది. స్పీకర్ని నా పక్కన కాకుండా వాళ్ల వెనక బీరువా మీద పెట్టాక చాలా తేడా వచ్చింది, నా గొంతు ముందునుంచి, సంగీతం వెనకనుంచి. పాత ఫోన్ ఒకటి దీనికే కేటాయించి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి బ్లూటూత్ ఆన్ చేస్తే ఫోన్లు రావు. ట్రాకు మారేటప్పుడు కుదుపు లేకుండా, ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగే క్రాస్‌ఫేడ్ పెట్టుకోండి, స్పాటిఫైలో 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. సముద్రానికి దగ్గర ఇల్లయితే స్పీకర్ చార్జింగ్ పిన్ను తుప్పు పడుతుంది, మాది రెండేళ్లకే పట్టింది. దెయ్యాల బృందగానం రాత్రి పదకొండు తర్వాత వద్దు. కింద ఇంటి ఆంటీ మెట్లెక్కి వచ్చి ‘బాబూ, ఎవరైనా పోయారా ఏటి?’ అని అడిగారు.

అన్నిటికంటే బాగా పనిచేసినది చప్పగా ఉండే ఒక చిత్తడినేల ట్రాకు. కప్పలు, నీటి బుడగలు, ఎక్కడో ఒక చెక్క కిర్రుమనడం. మొదటిసారి పెట్టినప్పుడు ఎవరూ గమనించలేదు. ఆ రాత్రి అది మోగుతుండగానే, రెండేళ్లుగా ఆడుతున్న గాజువాక కుర్రాడి పాత్ర వరసగా మూడు పాచికలు తప్పి చనిపోయింది. వాడు ఆ పాత్ర వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కప్పలు అలా అరుస్తూనే ఉన్నాయి, ఆపాలని నాకు తోచలేదు.

ఏడు నెలల తర్వాత వేరే కథలో, వేరే ఊళ్లో మామూలు చెరువు గట్టు కోసం అదే పెట్టాను. మొదటి కప్ప అరవగానే టీ కప్పులు బల్ల మీదికి దిగాయి. ‘అది మాత్రం వద్దు’ అన్నాడు వాడు. ఆపేసి భీమిలి అలలు పెట్టాను. చెరువుకి అలలేంటని ఎవరూ అడగలేదు.