ఫ్లాష్‌లో పాత ఐఓఎస్: ఉంచితే మేలా, తీసేస్తే మేలా?

సిస్కో 2811 రౌటర్‌లో కొత్త ఐఓఎస్ (రౌటర్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి 'కాపీ టీఎఫ్‌టీపీ ఫ్లాష్' కొట్టారనుకోండి. టీఎఫ్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే తేలికపాటి పద్ధతి, ఫ్లాష్ అంటే ఐఓఎస్ ఫైలు ఉండే మెమరీ కార్డు. సర్వర్ అడ్రస్ అడుగుతుంది, ఫైల్ పేరు అడుగుతుంది, ఆ వరసలోనే ఇంకో ప్రశ్న వేస్తుంది: కాపీ చేసేముందు ఫ్లాష్‌ని ఎరేజ్ చెయ్యనా? అప్పటిదాకా అన్నిటికీ ఎంటర్ కొడుతూ వచ్చిన వేలు దీనికీ కొట్టేస్తుంది. స్క్రీన్ మీద ఇంగ్లీషు చిన్న 'ఈ' అక్షరాలు బారులు తీరతాయి. పాత ఇమేజ్, అంటే పాత ఐఓఎస్ ఫైలు, పోయినట్టే. అక్కడ 'ఎన్' కొట్టాల్సింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎంటరే కొట్టాను. రౌటరేమో చాలా దూరాన ఒక బ్రాంచ్ ఆఫీసులో ఉంది. విచిత్రమేమిటంటే ఇమేజ్ చెరిగిపోయినా రౌటర్ ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. ఇమేజ్ ఫైల్ పేరులో 'ఎంజడ్' అని ఉంటుంది చూడండి, అందులో 'ఎం' అంటే ర్యామ్‌లో నడిచేది, 'జడ్' అంటే జిప్ చేసినది. ఒకసారి ర్యామ్‌లోకి ఎక్కాక మళ్లీ రీలోడ్ అయ్యేదాకా ఫ్లాష్‌లోని కాపీతో దానికి పనిలేదు. కానీ ఈలోగా అక్కడ కరెంటు పోయిందా, లేచేది రామన్ (ఐఓఎస్ దొరకనప్పుడు రౌటర్ ఆగే చిన్న రికవరీ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ మీదికే. ఆ ప్రాంప్ట్ చూడటానికి రౌటర్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్‌తో ఎవరైనా బస్సెక్కాలి. పైగా కాపీ మధ్యలో ఆగిపోయింది. ఆ గంటన్నరా ఆ ఊళ్లో కరెంటు పోకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను. చివరికి ఎఫ్‌టీపీ అనే ఇంకో పద్ధతిలో పంపితే ఎక్కింది.

కాబట్టి చోటుంటే రెండూ ఉంచడమే నా ఓటు. 'డిర్ ఫ్లాష్' కొడితే చివరి వరసలో మొత్తం ఎన్ని బైట్లు, ఖాళీ ఎన్ని అన్నది చెబుతుంది. 128 ఎంబీ కార్డులో 40 ఎంబీ ఇమేజ్‌లు రెండు హాయిగా పడతాయి. 64లో పట్టవు. పట్టదని తేలగానే ఇమేజ్ మీదికి వెళ్లకుండా ముందు చెత్త ఏముందో చూడండి. ఎప్పుడో ఎక్కించి వాడటం మానేసిన ఎస్‌డీఎం (బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగులు మార్చే సిస్కో టూల్) ఫైళ్లు, రౌటర్ కూలినప్పుడు రాసుకున్న పాత క్రాష్‌ఇన్ఫోలు కొన్ని ఎంబీలు తింటూ ఉంటాయి. చాలాసార్లు వాటితోనే సరిపోతుంది.

రెండూ ఉంచినప్పుడు ఒక తిరకాసు ఉంది. కాన్ఫిగ్‌లో (రౌటర్ సెట్టింగుల ఫైలులో) 'బూట్ సిస్టమ్' లైను లేకపోతే ఫ్లాష్‌లో మొదట కనిపించిన ఇమేజ్‌నే రౌటర్ ఎత్తుకుంటుంది. అంటే పాతదాన్నే. అప్‌గ్రేడ్ చేసి, రీలోడ్ చేసి, షో వెర్షన్ (ఏ ఐఓఎస్ నడుస్తోందో చెప్పే కమాండ్) చూసి తల గోక్కునేది ఇందుకే. కొత్త ఇమేజ్ పేరుతో ఒక లైను, దాని కింద పాతదాని పేరుతో ఇంకో లైను రాసి సేవ్ చెయ్యాలి. కొత్తది లోడ్ కాకపోతే రౌటర్ తనంతట తానే పాతదాని దగ్గరికి పోతుంది. తీసేసే పద్ధతిలో ఈ ధీమా లేదు.

అయితే తీసేయడం ఎప్పుడూ తప్పేనా? కాదు. రౌటర్ మీ టేబుల్ మీదే ఉండి, కన్సోల్ కేబుల్ తగిలించి ఉంటే నిక్షేపంగా తీసెయ్యండి. అమీర్‌పేటలో సెకండ్ హ్యాండ్ రౌటర్లతో సీసీఎన్ఏ (సిస్కో సర్టిఫికెట్ పరీక్ష) ల్యాబ్ చేసేవాళ్లకి ఇమేజ్ పోగొట్టుకుని రామన్‌లోంచి తిరిగి ఎక్కించడం మంచి ప్రాక్టీసు కూడా. టీఎఫ్‌టీపీడీఎన్ఎల్‌డీ అనే రామన్ కమాండ్‌తో పని నిమిషాల్లో అయిపోతుంది. కన్సోల్ కేబుల్ మీదుగా పంపే ఎక్స్‌మోడెమ్‌తో మాత్రం జాగ్రత్త: కేబుల్ వేగం 9600 బాడ్ దగ్గర 40 ఎంబీకి దాదాపు 12 గంటలు పడుతుంది, 115200కి మారిస్తే గంట. ఇంకో మాట, ఫ్లాష్ మొత్తం ఎరేజ్ చేస్తే స్విచ్ మాడ్యూల్ ఉన్న రౌటర్‌లో వీల్యాన్ (స్విచ్ పోర్టులని వేరువేరు నెట్‌వర్కులుగా విడగొట్టే ఏర్పాటు) డేటా ఫైలు కూడా పోతుంది. స్టార్టప్ కాన్ఫిగ్ ఉండేది ఎన్‌వీర్యామ్ అనే వేరే మెమరీలో కనక దానికేం కాదు. చాలామంది దీన్ని తలకిందులుగా భయపడతారు.

(పాత 2600 రౌటర్ల దగ్గర వ్యవహారం వేరు. అక్కడ డిలీట్ అంటే ఫైలు మీద గుర్తు పెట్టడమే, పాత ఐఓఎస్‌లలో చోటు రావాలంటే మొత్తం ఎరేజ్ చెయ్యాల్సిందే. 7500 లాంటి వాటిలో డిలీట్ చేశాక చోటు రావడానికి 'స్క్వీజ్' కొట్టాలి.)

ఇక మూడో దారి, కార్డే మార్చేయడం. 2811లో కాంపాక్ట్ ఫ్లాష్ 256 ఎంబీ దాకా పడుతుంది. ఆఫీసులో అదే మోడల్ రౌటర్ ఇంకోటి ఉంటే అందులోనే కార్డు ఫార్మాట్ చేసి, రెండు ఇమేజ్‌లూ పెట్టి కొరియర్లో పంపండి. అక్కడివాళ్లు చెయ్యాల్సింది పవర్ ఆపి కార్డు మార్చడమే. పాత కార్డు డ్రాయర్లో భద్రంగా ఉంటుంది, అంతకు మించిన బ్యాకప్ ఏముంది? 64 ఎంబీ ఇరుకులో ఉన్న బ్రాంచ్ రౌటర్లకి నేను ఇదే చెబుతాను.

దూరం నుంచి పంపక తప్పదంటే టీఎఫ్‌టీపీని వదిలెయ్యండి. అది 512 బైట్ల బ్లాకు ఒకటి పంపి, అందిందన్న కబురు వచ్చాకే ఇంకోటి పంపుతుంది. 40 ఎంబీ అంటే 81,920 బ్లాకులు. లింకు మీద రాకపోకకి 50 మిల్లీ సెకన్లు పడితే 68 నిమిషాలు. అదీ ఏ ప్యాకెట్టూ తప్పిపోకపోతే. పైగా బ్లాకు నంబరు 16 బిట్లే కాబట్టి, లెక్క మళ్లీ మొదటికి తిప్పడం రాని పాత సర్వర్లు 32 ఎంబీ దగ్గర చేతులెత్తేస్తాయి. ఆ రోజు నా కాపీ ఆగింది సరిగ్గా అక్కడే. ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ అనే పద్ధతులు టీసీపీ మీద నడుస్తాయి, అది ప్రతి ప్యాకెట్టుకీ కబురు కోసం ఆగదు కనక ఈ బాధ లేదు. రెంటిలో ఎస్‌సీపీ మేలు, పాస్‌వర్డ్ లైను మీద బట్టబయలుగా పోదు. కొంచెం నెమ్మది, పర్వాలేదు. ఎల్‌ఏఎన్‌లో (ఒకే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో) అయితే టీఎఫ్‌టీపీయే తేలిక, దాన్నెందుకు తప్పుపట్టాలి?

ఎలా ఎక్కించినా రీలోడ్‌కి ముందు వెరిఫై ఎండీ5 (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చూసే కమాండ్) కొట్టి, వచ్చిన 32 అక్షరాలని సిస్కో డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదానితో పోల్చండి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఇప్పుడు కాపీ పేస్ట్ చేసి చూస్తున్నాను. రీలోడ్ అయ్యాక షో వెర్షన్‌లో సిస్టమ్ ఇమేజ్ ఫైల్ లైను కొత్త పేరు చూపిస్తోందా? పాతదాన్ని ఇంకో నెల అలాగే ఉంచండి. నెలాఖరు రద్దీలో వీపీఎన్ టన్నెళ్లు ఎలా ఉన్నాయో చూశాకే దాని సంగతి.