ఆ ‘ఓకే’ని నమ్మి దెబ్బతిన్నాక: మూడేళ్లుగా ఫ్రీఐపీఎంఐ

ఫ్రీఐపీఎంఐ అంటే సర్వర్ లోపలి సెన్సర్లని (వేడి, ఫ్యాన్లు, పవర్ సప్లైలు) టెర్మినల్‌లో చదివి చెప్పే టూల్. అందులో నేను ప్రాణంగా చూసుకునేది ఒక్క కాలమ్‌ని. ఐపీఎంఐ-సెన్సర్స్ కమాండ్‌కి అవుట్‌పుట్-సెన్సర్-స్టేట్ ఆప్షన్ పెడితే ప్రతి సెన్సర్ పక్కన నామినల్ (అంతా మామూలే), వార్నింగ్, క్రిటికల్ అని వస్తుందే, అది. ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగాలు ఏ టూల్ అయినా చెప్తుంది.

మా ఆఫీసులో 11 సర్వర్లు, చూసుకునేది నేనొక్కడినే. ఫ్రీఐపీఎంఐకి ముందు, అలాంటిదే మరో టూల్ ఐపీఎంఐటూల్‌తో ఒక స్క్రిప్ట్ రాసుకున్నాను. ఎస్‌డీఆర్ లిస్ట్ (సర్వర్‌లోని సెన్సర్ల జాబితా) తీసి, చివరి కాలమ్‌లో ఓకే లేని లైన్ ఉంటే మెయిల్ పంపేది. ఒక మే నెల రాత్రి యూపీఎస్ ట్రిప్ అయి డేటాబేస్ సర్వర్ ఆగిపోయింది. రెండు పవర్ సప్లైలు, రెండు వేర్వేరు యూపీఎస్‌ల మీద ఉన్న మెషిన్ అది. ఆగకూడదు. ర్యాక్ వెనక్కి వెళ్లి టార్చ్ వేసి చూస్తే రెండో సప్లై కేబుల్ సాకెట్‌లోంచి సగం బయటికి జారి ఉంది. పాత లాగ్ తీస్తే ఇంకా బాధేసింది. ఆ సెన్సర్ 19 రోజులుగా హెక్స్‌లో 09 చూపిస్తోంది, పక్కనే ఓకే.

అది డిస్క్రీట్ సెన్సర్, అంటే స్థితులు చెప్పేది. అందులో ఆ అంకె కొలత కాదు. ఒక్కో బిట్ ఒక్కో స్థితి. పవర్ సప్లైకి బిట్ 0 అంటే సప్లై అమర్చి ఉంది, బిట్ 1 అంటే ఫెయిలైంది, బిట్ 3 అంటే కరెంటు అందడం లేదు. 01 ఉంటే నిశ్చింత. బిట్ 0 విలువ 1, బిట్ 3 విలువ 8. కాబట్టి 09 అంటే ఆ రెండూ కలిసినట్టు: సప్లై ఉంది, కరెంటు లేదు. పక్కనున్న ఓకేకి అర్థం రీడింగ్ అందిందని మాత్రమే. ఎస్‌డీఆర్ ఎలిస్ట్ అని అడిగి ఉంటే ఐపీఎంఐటూల్ కూడా ఆ సంగతి మాటల్లో చెప్పేదే. నేను అడగలేదు.

ఫ్రీఐపీఎంఐకి మారిన రోజే కావాలని ఒక కేబుల్ పీకి చూశాను. స్క్రిప్ట్ మళ్లీ నడవగానే ఆ లైన్ క్రిటికల్ అయింది, ఇన్‌పుట్ పోయిందని కారణంతో సహా. ఆ లైన్ చూశాక గాని టెన్షన్ తగ్గలేదు.

అయితే ఈ కాలమ్‌ని కూడా గుడ్డిగా నమ్మలేం. మా సర్వర్లలో రెండింటికి కొన్ని సెన్సర్లు తయారీదారు సొంత పద్ధతిలో ఉన్నాయి, వాటికి ఎన్ఏ (స్థితి తేల్చలేదని) వచ్చేది. నా అలర్ట్ క్రిటికల్ కోసమే చూస్తుంది కాబట్టి ఆరు నెలలు అవి దాని కంటికి ఆనలేదు. ఇంటర్‌ప్రెట్-ఓఈఎం-డేటా ఆప్షన్ పెడితే కొన్ని తేలాయి, అన్నీ కాదు. ఇంకో మెషిన్‌లో మూత స్విచ్ పాడైంది, మూత వేసే ఉన్నా ఎప్పుడూ క్రిటికలే. కాన్ఫిగ్ ఫైల్లో ఆ స్థితిని నామినల్‌గా మార్చొచ్చు గానీ, అది అన్ని సర్వర్లకీ వర్తిస్తుంది. అందుకని ఆ ఒక్క మెషిన్‌లో ఆ సెన్సర్‌ని రికార్డ్ ఐడీతో పక్కన పెట్టాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఎస్‌డీఆర్ క్యాష్ (టూల్ దాచుకున్న సెన్సర్ల జాబితా కాపీ) పాతదైపోయిందని కమాండ్ ఆగిపోవడం మరో చిరాకు. ఫ్లష్-క్యాష్ కొడితే సరిపోతుంది, కానీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని కొట్టాలి.

పదకొండు సర్వర్లకి, టెర్మినల్ అలవాటున్న నాకు ఇది సరిపోయింది. ఇప్పటికే జాబిక్స్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంటే దీనికోసం మారమని చెప్పను. జాబిక్స్‌లో అయితే ట్రిగ్గర్‌లో (అలర్ట్ షరతులో) బిట్అండ్ అనే ఫంక్షన్ వాడి ఆ 8 బిట్‌ని పట్టుకోవచ్చు. ఏది వాడినా మీ సర్వర్‌లో ఒకసారి కేబుల్ పీకి, స్క్రీన్ మీద ఏం మారిందో చూడండి. రెండో సప్లై పనిచేస్తోందని ముందు నిర్ధారించుకున్నాకే.