పొదుగు పెట్టకు అప్పగించిన హేచరీ పిల్లలు: చాన్నాళ్ల వాడకం తరువాత

పొదుగుకు కూర్చున్న నాటుపెట్టకు హేచరీ పిల్లలను అప్పగించే పద్ధతిని మెచ్చుకునేవారు సాధారణంగా కరెంటు ఖర్చు కలిసివస్తుందని, పిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే బల్బు దగ్గర రాత్రిళ్లు కాపలా కాసే బాధ తప్పుతుందని చెబుతారు. ఆ మాట నిజమే. అయితే నన్ను ఇంతకాలం ఈ పద్ధతికి కట్టిపడేసింది మాత్రం పెట్ట గొంతు. అది చేసే పని ఏ బల్బూ చేయలేదని ఇన్ని విడతల పిల్లలను చూశాక ధైర్యంగా చెప్పగలను. ఆ గొంతు కూడా చెల్లని సందర్భం ఒకటుందని మధ్యలో ఒక విడతలో తెలిసివచ్చింది. ఆ సంగతీ చెబుతాను.

మాది ఏలూరు జిల్లాలో పెరడున్న ఇల్లు. తల్లి డేగ రంగు జాతిపెట్ట, పందెపు కోళ్ల సంతతి. పిల్లలు చాలాసార్లు వనరాజా, అప్పుడప్పుడు గ్రామప్రియ. ఈ రెండు రకాలనూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించింది. వాటి పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు కనుక తల్లిగా నాటుపెట్టనే చూసుకోవాలి. జాతిపెట్ట పెట్టే గుడ్లు తక్కువే గానీ, పొదిగే పట్టుదలలోనూ పిల్లలను కాచుకునే రోషంలోనూ దానికి దీటైనది నాకు కనిపించలేదు. చీకటి పడ్డాక కింద ఉన్న గుడ్లు తీసి, ఒక్కొక్క పిల్లనే రెక్కల కిందికి జరపడం వంటివి కోళ్లు పెంచేవారందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

హేచరీ పిల్లకు తల్లి, అమ్మమ్మ, ఆ పై తరాలు అన్నీ యంత్రంలో పొదిగినవే, బల్బు వెలుతురులో పెరిగినవే. పిల్లలను పిలిచే పెట్ట గొంతు వాటిలో ఏదీ విని ఉండదు. అయినా అప్పగించిన మర్నాటి ఉదయం మా పెట్ట ఒక నూకగింజను ముక్కుతో ఎత్తి వదిలి, మళ్లీ ఎత్తి వదిలి, గొంతు తగ్గించి గబగబా కొక్ కొక్ కొక్ మనగానే పిల్లలన్నీ దాని ముక్కు దగ్గరికి చేరాయి. బల్బు కింద పెంచిన రోజుల్లో, తినేది ఏదో పిల్లలకు తెలియడానికి కాగితం మీద దాణా చల్లి వేలితో తట్టుతూ కూర్చోవలసి వచ్చేది. ఇక్కడ ఆ పని నాకు లేదు. పిల్లలు చెదలను, పురుగులను, పొడిచి చంపి ముక్కలు చేసి ఇచ్చిన జెర్రిని కూడా తల్లి పిలుపుతోనే తిండిగా గుర్తుపట్టాయి.

అంతకంటే గొప్ప సంగతి రెండో వారంలో జరిగింది. కొబ్బరిచెట్ల మీదుగా గద్ద తిరుగుతున్నప్పుడు పెట్ట తల ఒక పక్కకు వంచి పైకి చూసి, సన్నగా సాగే కూత ఒకటి తీసింది. దగ్గరున్న పిల్లలు రెక్కల కిందికి దూరాయి. దూరంగా ఉన్నవి తల్లి దాకా పరుగెత్తే ప్రయత్నం చేయకుండా వంగ మొక్కల కింద, జాజి పొద కింద నేలకు కరుచుకుపోయాయి. ఎరుపు, నలుపు, గోధుమ రంగులు కలిసిన ఆ పిల్లలు ఎండుటాకుల్లో ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. గద్ద వెళ్లిపోయి, పెట్ట మామూలుగా కొక్కరించేదాకా ఒక్కటీ కదలలేదు. పిల్లి వచ్చినప్పుడు పెట్ట కూత వేరు, పెద్ద గొంతుతో ఆగకుండా అరుస్తుంది. అప్పుడు పిల్లలు దాక్కోకుండా తల్లి వెనక్కి పరుగెడతాయి. పై నుంచి వచ్చే ఆపదకు ఒక కూత, నేల మీద వచ్చేదానికి మరొకటి అని ఈ పిల్లలకు నేర్పినవారు లేరు. బల్బు కింద ఆరు వారాలు పెంచి పెరట్లోకి వదిలిన పాత విడత పిల్లలు గద్ద వస్తే మెడలు చాపి వింతగా చూసేవి. వాటిలో ఎన్నింటిని గద్దలకు, కాకులకు పోగొట్టుకున్నామో తలచుకుంటే ఈ పెట్టకు ఎన్ని నూకలు వేసినా తక్కువే అనిపిస్తుంది.

ఇక చెల్లని సందర్భం. ఒక వానాకాలం పిల్లలను అమ్మినతను అవి గుడ్డు పగిలి ఒకరోజే అయిందని చెప్పాడు. కొత్తగా పుట్టిన పిల్లకు కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు ఆహారంగా సరిపోతుంది కనుక దూరం నుంచి వచ్చినా ఒకరోజు పిల్లలు తట్టుకుంటాయి. ఇవి మాత్రం బుట్టలోంచి దించగానే దాణాను ఆరితేరినట్టు పొడిచాయి, రెక్కల ఈకలు అప్పటికే కాడల్లోంచి విచ్చుకుని పెరిగి ఉన్నాయి. ఎక్కడో లైటు కింద నాలుగైదు రోజులు పెరిగిన పిల్లలని చూస్తేనే తెలుస్తోంది. అయినా పెట్ట సిద్ధంగా ఉంది కాబట్టి ఆ రాత్రి దాని కింద పెట్టాము, పెట్ట ఒక్కదాన్నీ పొడవకుండా అన్నింటినీ రెక్కల కిందికి లాక్కుంది.

తెల్లవారాక పెట్ట పిలిస్తే పిల్లలు రాలేదు. అది దగ్గరికి వెళ్లే కొద్దీ శత్రువును చూసినట్టు మూలకు పారిపోయాయి. బయట ముసురు, చలి. పిల్లలు కీచుమంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, నాలుగడుగుల దూరంలో తల్లి రెక్కలు విప్పి పిలుస్తూనే ఉంది. రాత్రయ్యేసరికి అవి వసారా దీపం వెలుతురు పడేచోట గుంపుగా చేరాయి. పెట్ట గంపలో ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుని రాత్రంతా పిలుస్తూ ఉంటే, బాగా నీరసపడిన రెండు మూడు మాత్రం దాని కిందికి చేరాయి. మర్నాటి రాత్రీ అంతే. చలికి కొన్ని, గుంపు అడుగున నలిగి కొన్ని చనిపోయాక, అటక మీది పాత బల్బును దించి వెలిగించక తప్పలేదు. మొదటి వారానికి 35 డిగ్రీల వేడి, ఆ తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోయే పాత లెక్క మళ్లీ మొదలైంది. పిల్లలకూ బల్బుకూ అడ్డుగా కట్టిన తడిక చుట్టూ పెట్ట రోజుల తరబడి తిరిగింది.

కోడిపిల్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లో కళ్లెదుట కదిలేదాన్ని, వెచ్చగా ఉన్నదాన్ని తల్లిగా ముద్రించుకుంటుంది. ఆ గడువు దాటాక నిజమైన తల్లి గొంతు కూడా దానికి పరాయి చప్పుడే. రెండు మూడు వారాలు పొదుగు మీద కూర్చున్న పెట్ట బాతు పిల్లలనైనా తనవే అనుకుంటుంది. పెట్ట ఒప్పుకుంటుందా అని అందరూ ఆరా తీస్తారు గానీ, పిల్లలు ఒప్పుకుంటాయా అని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అప్పటినుంచి నేను డబ్బు ఇచ్చే ముందు పిల్ల రెక్క విప్పి, ఈకలు ఎంత పెరిగాయో చూస్తున్నాను.

మిగిలిన చిక్కులు చిన్నవి. పెట్ట దాణా పళ్లెంలో నిలబడి కాళ్లతో వెనక్కి చిమ్ముతుంది, పిల్లలకు వేసే స్టార్టర్ దాణా సగం మట్టిపాలవుతుంది. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలకు చెరుపు, కాబట్టి తల్లికీ పిల్లల దాణానే పెట్టాలి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లో వేసే లసోటా టీకా చుక్క కోసం పిల్లలను పట్టుకోబోతే పెట్ట ముఖం మీదికి ఎగురుతుంది. రాత్రిపూట గోనెసంచి కప్పి ఆ పని చేస్తున్నాము. పొదుగుకు ముందే బూడిదలో పొర్లనివ్వకపోతే తల్లి పేలన్నీ పిల్లలకు ఎక్కుతాయి. తడినేల మీద తిరిగే పిల్లలకు రక్తపు రెట్టలు పడే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

తల్లి అన్నీ చూసుకుంటుందన్నట్టు పైన రాశాను, అది నాలుగో వారం దాకా చెల్లే మాట. వనరాజా పిల్ల నాటుపిల్ల కంటే వేగంగా పెరుగుతుంది. ధనుర్మాసపు రాత్రుల్లో తలలు మాత్రం రెక్కల కింద, ఒళ్లు బయట. ఆరేడు వారాలకు పెట్ట మళ్లీ గుడ్లకు సిద్ధమై వాటిని పొడిచి తరుముతుంది, రాత్రికి మామిడికొమ్మ ఎక్కుతుంది. బరువైన ఈ పిల్లలు కొమ్మ ఎక్కలేక చెట్టు కింద అరుస్తూ ఉంటాయి, వాటిని ముంగిసకు దొరక్కుండా గూట్లో వేయడం మన పని.

ఇంట్లో పగలంతా మనిషి ఉండటం, రెండు నెలలకు పైగా ఆ పెట్ట గుడ్లు లేకపోయినా మాకు ఇబ్బంది లేకపోవడం, డజను పిల్లలకు మించి అవసరం లేకపోవడం, ఈ మూడూ కలిసినందువల్ల మాకు ఇది నప్పింది. యాభై పిల్లలను పెంచి అమ్ముకునేవారికి బల్బే దిక్కు. పెట్ట ఎప్పుడు పొదుగుకు వస్తుందో దాని ఇష్టం, హేచరీ పిల్లలు ఎప్పుడు దిగుతాయో వారి ఇష్టం, ఈ రెండూ ఒకే వారంలో కలవడం ప్రతిసారీ జరగదు. సంక్రాంతి తరువాత మా పెట్ట మళ్లీ కూర్చుంటే, పుట్టిన మర్నాడే పిల్లలు చేతికి అందుతాయని తేలితేనే తెస్తాను. లేదంటే ఆ రకం పొదిగే గుడ్లే తెచ్చి 21 రోజులు దాని కిందే ఉంచుతాను. వాటిలో కొన్ని మురిగిపోయినా ఫరవాలేదు.