ఎడిటింగ్ చెదరకుండా క్లిప్ మార్చడం: ప్రీమియర్ ప్రోతో ఏడేళ్ల అనుభవం

తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. నాలుగైదు నిమిషాల హైలైట్స్ సిద్ధం చేసి చూపించిన తరువాత పెళ్లివారు అడిగే మార్పులు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి: "అన్నా, తలంబ్రాలప్పుడు మా మేనత్త కనపడలేదు, ఆమె ఉండే షాట్ పెట్టన్నా." అప్పటికే ఆ షాట్‌కు రంగులు సరిదిద్ది, నెమ్మదిగా దగ్గరికి వెళ్లే కదలికకు కీఫ్రేములు (మార్పు మొదలయ్యే, ముగిసే చోట్ల పెట్టే గుర్తులు) పెట్టి, నాదస్వరానికి అనుగుణంగా నిడివిని కత్తిరించి ఉంటాను కాబట్టి, పాత క్లిప్‌ను తొలగించి కొత్తదాన్ని మొదటి నుంచీ తయారు చేయడం ఎంత శ్రమో ఈ పని చేసేవారందరికీ తెలుసు. అడోబీ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేను అత్యధికంగా వాడే సదుపాయం, పాత క్లిప్ స్థానంలో కొత్తది పెట్టే 'రీప్లేస్ విత్ క్లిప్' కావడానికి కారణం ఇదే.

ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని (ఫైళ్ల జాబితాలోని) క్లిప్‌ను ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని టైమ్‌లైన్‌లోని (క్లిప్‌లను వరుసగా పేర్చే పట్టీలోని) పాత క్లిప్ మీదికి లాగి వదిలితే చాలు. దృశ్యం మారుతుంది, నిడివీ ఎఫెక్టులూ అలాగే ఉంటాయి. కొత్త క్లిప్ దాని ఇన్ పాయింట్ (వాడుకునే భాగం మొదలయ్యే చోటు) నుంచి మొదలవుతుంది. షిఫ్ట్‌ను కూడా కలిపి నొక్కితే పాత క్లిప్ ఇన్ పాయింట్‌నే తీసుకుంటుంది.

అయితే మాంగల్యధారణ వంటి ఘట్టానికి నేను ఎన్నడూ లాగి వదలను. గట్టిమేళం ఉద్ధృతమయ్యే క్షణంలోనే మొదటి ముడి పడుతున్నట్టు కనిపించాలి. నాలుగు ఫ్రేములు అటూ ఇటూ అయినా చూసేవారికి ఏదో లోపం తోస్తుంది. అందుకని సోర్స్ మానిటర్‌లో (మూల క్లిప్‌ను విడిగా చూసే కిటికీలో) రెండో కెమెరా క్లిప్‌ను తెరిచి ముడి పడే ఫ్రేము దగ్గర ఆపుతాను, టైమ్‌లైన్‌లో ప్లేహెడ్‌ను (ప్రస్తుతం చూస్తున్న ఫ్రేమును సూచించే గీతను) డోలు దెబ్బ మీద నిలుపుతాను, ఆ పైన పాత క్లిప్ మీద కుడి క్లిక్ చేసి, 'రీప్లేస్ విత్ క్లిప్'లో 'ఫ్రమ్ సోర్స్ మానిటర్, మ్యాచ్ ఫ్రేమ్' ఎంచుకుంటాను. ముడి పడే ఫ్రేము సరిగ్గా డోలు దెబ్బ ఉన్న చోటికి వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క పద్ధతి కోసమే ఎవరికైనా ఈ సాఫ్ట్‌వేర్‌ను సిఫారసు చేస్తాను. దానికి ముందు కంట్రోల్, ఎల్ నొక్కి కెమెరా శబ్దాన్ని దృశ్యం నుంచి విడదీస్తే మంత్రాల శబ్దం చెదిరే భయం ఉండదు.

పాత విలువలు యథాతథంగా నిలవడం కొన్నిచోట్ల ఇబ్బందే. తిరుమల ఆలయంలోకి కెమెరాలను అనుమతించరు కనుక కొత్త దంపతులు దర్శనం చేసుకుని వచ్చిన దృశ్యాలను బయటే తీయాలి, వాటిలో కొన్ని బంధువుల ఫోన్ల నుంచి వస్తాయి. 1920×1080 టైమ్‌లైన్‌లో 3840×2160 క్లిప్‌ను నిండుగా చూపడానికి స్కేల్‌ను (పరిమాణ శాతాన్ని) 50 చేసి ఉంటాను. దాని స్థానంలో ఫోన్‌లో తీసిన 1920×1080 క్లిప్‌ను పెడితే ఆ 50 అలాగే ఉండి, చిత్రం తెర మధ్యలో చిన్నగా మిగులుతుంది. స్కేల్‌ను చేత్తో మార్చుకోవలసిందే. రంగుల విషయమూ అంతే: మండపంలోని పసుపు దీపాలకు లుమెట్రి అనే రంగుల సాధనంతో చేసిన సవరణ సాయంకాలపు చంద్రగిరి కోట దృశ్యానికి నప్పదు. అందుకే ఇప్పుడు మొత్తం వీడియోకు వర్తించే రంగు ధోరణిని అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కింది క్లిప్‌లన్నిటికీ ఒకేసారి ఎఫెక్టులు ఇచ్చే పై పొర) మీద ఉంచి, వైట్ బ్యాలెన్స్ దిద్దుబాట్లను మాత్రమే క్లిప్ మీద పెడుతున్నాను. కెమెరా వణుకును తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ విశ్లేషణను మళ్లీ నడపాలి, ఎంచుకున్న భాగాన్ని కదలికతో పాటు వెంబడించే మాస్క్ ట్రాకింగ్‌ను మళ్లీ చేయాలి. అవి పాత దృశ్యంలోని కదలికను బట్టి ఏర్పడినవి.

కొత్తగా నేర్చుకునేవారు 'రీప్లేస్ ఫుటేజ్'ను దీనితో పొరబడకూడదు. అది టైమ్‌లైన్‌లోని ఒక్క ముక్కను కాక ప్రాజెక్టులోని మూల ఫైలునే మారుస్తుంది, ఆ ఫైలు వాడిన ప్రతిచోటా దృశ్యం మారిపోతుంది. ఒకసారి నేను తొందరలో దాన్ని ఎంచుకోగా, హైలైట్స్‌లో మారవలసిన మండపం షాట్ మూడు గంటల పూర్తి వీడియోలోనూ ఆరు చోట్ల మారింది. మరునాడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు చూసుకున్నాను కనుక సరిపోయింది. తప్పు నాదే, కానీ రెండు పేర్లూ ఒకే పదంతో మొదలవుతాయి కాబట్టి ఈ జాగ్రత్త చెప్పక తప్పదు. మూల ఫైలునే మార్చవలసిన సందర్భాలూ లేకపోలేదు: వధూవరుల పేర్ల గ్రాఫిక్‌లో అక్షరదోషం దిద్దినప్పుడు ఆ ఆజ్ఞే సరైనది.

మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన డావిన్చి రిజాల్వ్‌లో రీప్లేస్ ఎడిట్‌కు ఎఫ్11 మీట ఉంది. ఉచిత సంచికలోనే లభించే 'టేక్ సెలెక్టర్' నాకు మరింత నచ్చింది, ఎందుకంటే ఒకే స్థానంలో మూడు నాలుగు షాట్లను పేర్చుకుని, పెళ్లికూతురి తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ మార్చి చూపి, వారు సరే అన్నదాన్ని ఖాయం చేయవచ్చు. ప్రీమియర్‌లో అదే పనికి నేను పాత క్లిప్‌ను పై ట్రాక్‌లోకి నకలు చేసి, దాన్ని డిసేబుల్ చేసి ఉంచుతున్నాను; మేనత్త షాట్ చూసిన తరువాత "మొదట ఉండిందే బాగుంది" అన్న కుటుంబాల కోసం అది అలాగే ఉంటుంది.